మధ్యధనం: వరుస సంఖ్యల అంతరార్థం

లెక్కపెట్టడం కన్న లౌకికమైన పని మరొకటి లేదని పైకి తోస్తుంది. కళ్లంలో ధాన్యం కొలిచే రైతు మొదటి కుంచాన్ని లాభం అని పలికి, రెండు, మూడు అంటూ సాగి, ఆరు దాటిన పిమ్మట ఆరున్నొకటి అని చెప్పుకుంటూ రాశి తరిగేదాకా కొలుస్తాడు; ఆలయంలో మొక్కు తీర్చుకునే ఇల్లాలు ధ్వజస్తంభం దగ్గరకు వచ్చినప్పుడల్లా ఒక ప్రదక్షిణాన్ని లెక్కలో వేసుకుంటుంది; జపపరుడు పూస వెంట పూసను బొటనవేలితో లోనికి తిప్పుకుంటూ మేరువును చేరుకుంటాడు. వీరందరూ ఆశ్రయించేది ఒకే వరుసను. ఒకటి పిదప రెండు, రెండు పిదప మూడు అనే ఆ వరుస ఎంత పరిచితమైనదంటే, దానిని వాడుకోవడమే గాని దానివైపు చూడటం ఎవరికీ అలవాటు లేదు. అయితే నిత్యం చేతికి తగిలే వస్తువులోనే నిగూఢమైన తత్త్వాన్ని నిక్షేపించి ఉంచడం ఋషుల సంప్రదాయం గనుక, స్థూలదృష్టికి పరిమాణసూచకంగా మాత్రమే కనిపించే ఈ సంఖ్యాక్రమం సూక్ష్మదృష్టికి జీవయాత్రను ఆద్యంతం బోధించే శాస్త్రమై భాసిస్తుంది. ఆ బోధను పొర వెంట పొరగా విప్పుకోవడానికి మొదటి ఆధారం వేదమే.

తైత్తిరీయ సంహిత సప్తమకాండలో, అశ్వమేధ ప్రకరణంలో, అన్నహోమాలనే ఆహుతులు విధింపబడి ఉన్నాయి. రాత్రి పొడుగునా సాగే ఆ హోమాలలో ఇంద్రాగ్నివరుణాదులకు బదులు సంఖ్యలే దేవతాస్థానంలో నిలిచి హవిస్సును అందుకోవడం విశేషం. ఒకటి మొదలు 19 దాకా ఒక్కొక్క సంఖ్యకూ స్వాహాకారంతో ఆహుతి సమర్పించి, అక్కడినుండి 29, 39 అంటూ పదేసి మెట్లు ఎక్కి 99 చేరి, నూటిని, రెండు నూర్లను దాటి, కడపటి ఆహుతిని సర్వానికి అర్పించడంతో ఒక అనువాకం ముగుస్తుంది. తరువాతి అనువాకాలలో బేసి సంఖ్యలు, సరి సంఖ్యలు, నాలుగేసి, అయిదేసి, పదేసి, ఇరవయ్యేసి చొప్పున పెరిగే సంఖ్యలు వేర్వేరు వరుసలుగా వచ్చి, తుదకు నూరు, వేయి, అయుతం మొదలుకొని పరార్ధం వరకు వ్యాపిస్తాయి. లెక్కకు లొంగే పదార్థమేదీ అక్కడ పేర్కొనబడలేదు. లెక్కయే అక్కడ ఆరాధ్యమైంది. ఏకానికీ సర్వానికీ నడుమ ఉన్న సేతువు ఈ వరుసయేననీ, ఆ సేతువుపై ఏ ఒక్క అడుగునూ ఆహుతి ఇవ్వకుండా దాటరాదనీ ఆ హోమక్రమం సూచిస్తున్నది. ఒకటినుండి సర్వానికి ఒక్క గంతులో చేరాలని కోరే చిత్తచాంచల్యానికి వేదం చెప్పిన మొదటి సమాధానం ఇదే.

మన ఆలయాలలో ప్రతి సోమవారం అభిషేకవేళ వినిపించే చమకం ఈ విషయాన్నే మరింత సన్నిహితంగా చూపుతుంది. చమకంలోని అనువాకాలు పదకొండు. అన్నం, ప్రాణం, దేహదార్ఢ్యం, ధాన్యాలు, లోహాలు, యజ్ఞసాధనాలు, ఇలా ఒక్కొక్కటిగా కోరుకుంటూ వచ్చిన యజమాని పదకొండవ అనువాకంలో సంఖ్యలనే కోరుతాడు. మొదట 1, 3, 5 అంటూ 33 దాకా బేసి సంఖ్యలు పదిహేడు. ఆపై 4, 8, 12 అంటూ 48 దాకా నాలుగేసి చొప్పున పెరిగే సంఖ్యలు పన్నెండు. ఈ రెండు వరుసలకూ తైత్తిరీయ సంహితయే పంచమకాండలో వివరణ ఇచ్చింది: బేసి వరుస దేవఛందస్సు, నాలుగేసి వరుస మనుష్యఛందస్సు, దేవతలు ముప్పైముగ్గురు గనుక మొదటిది 33 దగ్గర ఆగుతుంది, జగతీఛందస్సుకు అక్షరాలు 48 గనుక రెండవది అక్కడ ఆగుతుంది. గాయత్రికి 24, ఉష్ణిక్కుకు 28, అనుష్టుప్పుకు 32, బృహతికి 36, పంక్తికి 40, త్రిష్టుప్పుకు 44, జగతికి 48 అక్షరాలు ఉండటం చూస్తే, సప్తఛందస్సులూ ఈ మనుష్యసోపానంలోని మెట్లేనని స్పష్టమవుతుంది. బేసి దైవమెందుకైంది, సరి మానుషమెందుకైంది అన్న విచారణలో ఒక ఆంతర్యం గోచరిస్తుంది. సరి సంఖ్యను జతలుగా విడదీస్తే ఏదీ మిగలదు. సుఖానికి దుఃఖం, లాభానికి నష్టం, మానానికి అవమానం జత అయి సర్వమూ ద్వంద్వంలోనే వ్యయమైపోతుంది. బేసి సంఖ్యను ఎన్ని జతలుగా విడదీసినా ఒకటి మిగిలి తీరుతుంది. ద్వంద్వాలన్నీ తమ తమ జోడును వెతుక్కుని తొలగిపోయిన తరువాత జోడు లేకుండా శేషించే ఆ ఒకటి సాక్షిచైతన్యానికి ప్రతీక. యజ్ఞఫలాలన్నీ కోరిన యజమాని చివరకు బేసి వరుసను కోరడంలో, భోగాలన్నీ జతపడి గతించినా తనలో శేషించే దానిని తనకు దక్కనిమ్మన్న ప్రార్థన ఇమిడి ఉన్నదని భావించడం శ్రద్ధాళువుకు సహజం.

ఆ బేసి వరుసను మొదటినుండి కూడుకుంటూ పోతే మరొక రహస్యం బయటపడుతుంది. ఒకటి ఒకటే, దానికి 3 చేరిస్తే 4, ఆపై 5 చేరిస్తే 9, ఆపై 7 చేరిస్తే 16, చమకంలోని పదిహేడు బేసి సంఖ్యలనూ కూడితే 289, అనగా 17 యొక్క వర్గం. ఒక గవ్వను నేలపై ఉంచి, దాని కుడిప్రక్కన ఒకటి, దిగువన ఒకటి, మూలలో ఒకటి పేరిస్తే రెండేసి గవ్వల చదరం ఏర్పడుతుంది. ఆ చదరాన్ని అదే రీతిగా రెండు అంచులా, మూలా అయిదు గవ్వలు చుట్టుకుంటే మూడేసి గవ్వల చదరం అవుతుంది. ప్రతి కొత్త పొరలోనూ రెండు చేతులు సమానంగా ఉండి, వాటిని కలిపే మూలగవ్వ మాత్రం ఒంటరిగా ఉంటుంది; ఆ మూలగవ్వ లేకపోతే చదరానికి మూల లోపించి ఆకృతి చెడుతుంది. ఆరంభించిన ఒకటి కదలక తన చోటనే ఉండగా, దానిని చుట్టుకుని ఎదిగే ప్రతి దశా చతురస్రమై, సమగ్రమై ఉండటం ఈ వరుసలోని మహిమ. సాధన కూడా ఇట్టిదే. అది పూర్తి అయిన నాడు మాత్రమే పూర్ణత్వాన్ని ఇచ్చి, నడుమ ఉన్నంతకాలం లోపభూయిష్టంగా ఉండేది కాదు; క్రమం తప్పకుండా చేసిన సాధన ఏ దశలో ఆగి చూసినా ఆ దశకు తగిన పూర్ణత్వాన్ని కలిగే ఉంటుంది. కొద్దిపాటి ధర్మాచరణమైనా వ్యర్థం కాదన్న గీతాచార్యుని అభయానికి గణితం పలికే సాక్ష్యంగా దీనిని గ్రహించవచ్చు.

క్రమంగా ఎదగడం ఒక ఎత్తు. ఎదిగినదానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ విద్యను వేదపాఠశాలలు నేటికీ ఆచరణలో చూపుతున్నాయి. గురువు సంత చెప్పగా శిష్యుడు వల్లించి సంహితాపాఠాన్ని, పదపాఠాన్ని, క్రమపాఠాన్ని వశపరచుకున్న పిదప జట, మాల, శిఖ, రేఖ, ధ్వజం, దండం, రథం, ఘనం అనే అష్టవికృతుల గడప తొక్కుతాడు. మంత్రంలోని పదాలకు వరుసగా 1, 2, 3 అని గుర్తులు పెట్టుకుంటే, క్రమపాఠం 1-2, 2-3, 3-4 అని సాగుతుంది. ఘనపాఠం 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని ముందుకు వెళ్లి, వెనుకకు మళ్లి, మరల ముందుకు వచ్చి, అప్పుడు మాత్రమే 2-3, 3-2, 2-3-4, 4-3-2, 2-3-4 అనే తదుపరి ఆవృత్తిలో ప్రవేశిస్తుంది. ఆద్యంతాలకు దగ్గరగా ఉన్న పదాలను విడిచిపెడితే మంత్రంలోని ప్రతి పదమూ ఈ విధంగా పదమూడు మార్లు ఉచ్చరింపబడుతుంది. ఒకసారి నాయకస్థానంలో, ఒకసారి మధ్యస్థానంలో, ఒకసారి అనుచరస్థానంలో నిలిచి తన పూర్వపదంతోనూ, పరపదంతోనూ పెనవేసుకుంటుంది. లిపి సహాయం లేకుండా వేదం స్వరాక్షరాలతో సహా నిలిచి ఉండటానికి ఈ సంఖ్యాబంధనమే కవచమైంది. యునెస్కో 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలోని ఉత్తమోత్తమ నిదర్శనాలలో ఒకటిగా ప్రకటించడానికి ఈ అద్భుతమైన ధారణాశక్తియే కారణభూతమైంది. ఘనపాఠి ఒక్క పదం ముందుకు సాగడానికి చేసే గతాగతాలలోని అంతరార్థం ఏమంటే, వెనుకకు నడిచి తిరిగి రాగలిగిన దారియే మనదైన దారి. ప్రవృత్తిలో ముందుకు పోవడం సర్వజీవులకూ సులభమే. వచ్చిన దారిని ప్రత్యాహారంతో వెనుకకు చూసుకుని, కారణాన్ని కార్యంతోనూ, కార్యాన్ని కారణంతోనూ అనుసంధానించుకుని, ఆపై తదుపరి అడుగు వేయడం సాధకునికే సాధ్యం. జపమాల మేరువును దాటనీయక వెనుకకు మళ్లించడంలోని శాసనమూ ఇదే.

ఇక ఈ వరుసకు గర్భస్థానమేదో విచారించవలసి ఉన్నది. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదం మొదలుకొని 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతి దాకా మన గణితాచార్యులు సమాన భేదంతో పెరిగే సంఖ్యల వరుసకు శ్రేఢి అని పేరుపెట్టి, దాని మొదటి సంఖ్యను ముఖమనీ, పెరుగుదలను చయమనీ, సంఖ్యలు ఎన్ని ఉన్నవో ఆ గణనను గచ్ఛమనీ, మొత్తాన్ని సర్వధనమనీ, నడిమి సంఖ్యను మధ్యధనమనీ వ్యవహరించారు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పుణ్యమా అని ఈ శాస్త్రం తెలుగు పద్యంలోకీ అవతరించింది. ఆచార్యుల సూత్రసారం ఇంతే: మధ్యధనాన్ని గచ్ఛంతో గుణిస్తే సర్వధనం వస్తుంది. 35, 36, 37 అనే మూడింటిని కూడదలచినవాడు వాటిని వేర్వేరుగా కూడనక్కరలేదు. నడుమ ఉన్న 36 ను గ్రహించి మూడింతలు చేస్తే చాలు. ఎందుకంటే 37 లోని అధికమైన ఒకటి 35 లోని కొరతైన ఒకటిని పూరించి, రెండూ కలిసి నడిమి సంఖ్యకే దాసోహమంటాయి. వరుస ఎంత దీర్ఘమైనా ఇదే న్యాయం. మధ్యకు కుడివైపున ఎంత ఆధిక్యం ఉంటే ఎడమవైపున అంతే న్యూనత ఉండి, తక్కెడ సిబ్బెలు రెండూ తమ బరువును ముల్లుకే అప్పగించినట్లు, ఇరుపక్షాలూ తమ భేదాన్ని మధ్యస్థునిలో సమర్పించుకుంటాయి. జీవితంలోని వృద్ధిక్షయాలు ఒకదానికొకటి శత్రువులన్న భ్రాంతి ఉన్నంతకాలం మనస్సు ఈ చివరనుండి ఆ చివరకు ఊగులాడుతూ ప్రతి అనుభవాన్నీ విడివిడిగా మోస్తుంది. సమత్వాన్ని యోగమన్న భగవద్వాక్యం హృదయగతమైనవాడు మధ్యంలో నిలిచి, ఆయువంతటి సర్వధనాన్నీ ఒక్క స్థానంనుండే గ్రహిస్తాడు.

ఈ మధ్యధన న్యాయాన్ని జపమాలలోని 108 కి అన్వయించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 108 ని అవిచ్ఛిన్నమైన ధనపూర్ణసంఖ్యల వరుసగా మూడు విధాలుగా మాత్రమే పేర్చవచ్చు. మొదటిది 35, 36, 37; గచ్ఛం మూడు, మధ్యధనం 36. శైవాగమాలు శివతత్త్వం మొదలు పృథివి వరకు పరిగణించిన తత్త్వాలు ముప్పై ఆరు గనుక, ఆ తత్త్వసముదాయాన్ని మధ్యంలో ఉంచుకుని జాగ్రత్స్వప్నసుషుప్తులనే అవస్థాత్రయంగా విస్తరించిన వరుసగా దీనిని ధ్యానించవచ్చు. రెండవది 8 మొదలు 16 దాకా గల తొమ్మిది సంఖ్యలు; గచ్ఛం తొమ్మిది, మధ్యధనం పన్నెండు. నవగ్రహాలూ ద్వాదశరాశులూ గుణింపబడితే కలిగే కాలచక్రం ఇందులో దర్శనమిస్తుంది. మొదటి వరుస హ్రస్వమై ఉన్నతమైన మధ్యాన్ని కలిగి ఉన్నది. రెండవది దీర్ఘమై వినమ్రమైన మధ్యాన్ని కలిగి ఉన్నది. ఫలం మాత్రం సమానం. కొందరు మహాత్ములు స్వల్పకాలంలో ఉత్తుంగమైన తపస్సు చేసి సిద్ధి పొందుతారు. కొందరు గృహస్థులై దీర్ఘకాలం సామాన్యమైన నిత్యకర్మలను వదలక ఆచరించి ఆ సిద్ధినే పొందుతారు. ఇతరుల గచ్ఛాన్ని చూసి తన మధ్యధనాన్ని చిన్నదని తలచడం, ఇతరుల మధ్యధనాన్ని చూసి తన గచ్ఛాన్ని వ్యర్థమని తలచడం, రెండూ అవివేకమే.

మూడవ వరుస ఇంకా నిగూఢమైనది. నక్షత్రాలు ఇరవై ఏడు, ఒక్కొక్కదానికి పాదాలు నాలుగు. ఆ విధంగా నక్షత్రపాదాలు 108. ఈ ఇరవై ఏడింటిని గచ్ఛంగానూ, నాలుగును మధ్యధనంగానూ గ్రహించి వరుస పేర్చబోతే, నాలుగుకు పైవైపున పదమూడు సంఖ్యలు 17 దాకా చేరగా, కిందివైపు పదమూడు సంఖ్యలు 3, 2, 1 అంటూ దిగి, శూన్యాన్ని తాకి, దానికీ దిగువన ఋణసంఖ్యలలో ప్రవేశించి తొమ్మిదవ ఋణం దగ్గర ఆగుతాయి. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం, శూన్యం అనే మూడింటి వ్యవహారాన్ని సూత్రీకరిస్తూ, సమానమైన ధనఋణాల యోగం శూన్యమని నిర్ణయించాడు. ఆ నిర్ణయం ప్రకారం తొమ్మిది వరకు గల ఋణాలన్నీ తొమ్మిది వరకు గల ధనాలతో పరిహారమై శూన్యంలో లీనం కాగా, 10 మొదలు 17 దాకా ఎనిమిది సంఖ్యలు మాత్రమే శేషిస్తాయి. వాటి మొత్తమే 108. శేషించిన ఎనిమిదింటిని తుదిమొదళ్లు జతచేసి చూస్తే 10 కి 17, 11 కి 16, 12 కి 15, 13 కి 14 జోడై, ప్రతి జతా ఇరవై ఏడు అవుతుంది, జతలు నాలుగు. నక్షత్రాలూ పాదాలూ అదృశ్యం కాలేదు. రూపం మార్చుకుని లోపలే నిలిచి ఉన్నాయి. మనుష్యుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు అప్పులతోనే జన్మిస్తాడని వేదం చెబుతున్నది. జీవితంలో మొదట ఆర్జించిన పుణ్యమంతా ఆ ఋణాలను తీర్చడానికే వెచ్చింపబడి, లోకం కంటికి శూన్యంగానే కనిపిస్తుంది. ఒక పెద్దమనిషిలోని ప్రశాంతతను చూసి 10 నుండి 17 వరకే చదివిన లోకం, దాని వెనుక పరిహారమై అణగిపోయిన పందొమ్మిది సంఖ్యల సుదీర్ఘ శ్రమను గుర్తించలేదు. ఏళ్ల తరబడి ఆచరించినా ఫలం కనిపించలేదని వాపోయే సాధకుడు తన వరుస ఋణస్థానంలో ఆరంభమై ఉండవచ్చునని తెలుసుకుంటే నిరాశకు తావుండదు. శూన్యంగా కనిపించిన ఆ కాలమే అతని ఆనృణ్యాన్ని సాధించిన కాలం.

ఒకే పూర్ణానికి ఇన్ని వరుసలు ఎట్లు కలిగాయని ప్రశ్నిస్తే, ఆ సంఖ్యలో దాగి ఉన్న బేసి విభాజకాలు ఎన్నో అన్ని విధాలుగా అది వరుసలో కూర్చుంటుందని సమాధానం. 108 ని శేషం లేకుండా విభజించే బేసి సంఖ్యలు ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు. ఒకటి అన్నది తానొక్కటిగా నిలవడం, మిగిలిన మూడూ పైన చెప్పిన మూడు వరుసలు. పూర్వం శేషించే సాక్షిగా దర్శించిన బేసియే ఇక్కడ వరుసకు ప్రాణమైంది. దీనినుండి మరొక విచారణ పుడుతుంది: తనలో బేసి లేశమైనా లేని సంఖ్యల గతి ఏమిటి? 2, 4, 8, 16, 32, 64 అంటూ రెండుతోనే రెట్టింపవుతూ వచ్చినవి అట్టి సంఖ్యలు. ఏ రెండు మూడు వరుస సంఖ్యలను తెచ్చి కూడినా ఇవి రానే రావు. ముఖమూ అంత్యమూ కలిపిన మొత్తాన్ని గచ్ఛంతో గుణిస్తే సర్వధనానికి రెట్టింపు వస్తుంది. ఒక్కొక్కటిగా పెరిగే వరుసలో ఆ మొత్తమూ గచ్ఛమూ రెండూ ఒక్కసారే సరి కాజాలవు, ఒకటి సరి అయితే మరొకటి బేసి అయి తీరుతుంది. కాబట్టి ఒకటికన్న పెద్దదైన బేసి ఏదో ఒకటి ప్రతి వరుస ఫలంలోనూ అంతర్లీనమై ఉంటుంది. కేవలం ద్వైధీభావంతో, చీల్చడంతో, రెట్టించడంతో మాత్రమే ఏర్పడిన సంఖ్యకు ఆ బేసి లేదు గనుక వరుసలో ఆసనం లేదు. ప్రతి విషయాన్నీ నాది, పరాయిది అని రెండుగా చీల్చి చూసే బుద్ధికి సత్సంగం ఎందుకు పట్టదో, ఎందరి నడుమ కూర్చున్నా అది ఎందుకు ఒంటరిగానే మిగులుతుందో ఈ సూత్రం చెప్పకనే చెబుతున్నది. సాక్షి లేని చోట సమత్వం లేదు. సమత్వం లేని చోట వరుస లేదు.

విచారణ ఇక్కడే ఆగితే అది అర్ధసత్యమే అవుతుంది. చమకంలోని మనుష్యఛందస్సులో పన్నెండు సంఖ్యలు ఉండగా, 4, 8, 16, 32 అనే నాలుగు ఇట్టి ఏకాకులు. మిగిలిన ఎనిమిదింటికీ వరుసలున్నాయి. ఛందస్సులలో గాయత్రి 24 అక్షరాలు 7, 8, 9 గా, ఉష్ణిక్కు 28 అక్షరాలు ఒకటి మొదలు ఏడు దాకా, త్రిష్టుప్పు 44 అక్షరాలు రెండు మొదలు తొమ్మిది దాకా, జగతి 48 అక్షరాలు 15, 16, 17 గా అమరుతాయి. బృహతీ పంక్తులకు కూడా ఇట్టి అమరిక ఉన్నది. ఒక్క అనుష్టుప్పు యొక్క 32 మాత్రమే ఏ వరుసలోనూ చేరదు. రామాయణ భారతాలను, గీతాశాస్త్రంలో అధికభాగాన్ని ధరించిన ఛందస్సు నిరాధారమని అనగలమా? 32 ని సగం విడిచిపెడితే 16, అందులో సగం విడిచిపెడితే 8, ఆపై 4, ఆపై 2, ఆపై 1. విడిచిన ఏ దశలోనూ శేషం అడ్డుపడదు, భిన్నం ఏర్పడదు. త్యాగం నేరుగా ఏకంలో పర్యవసిస్తుంది. ఇతర సంఖ్యలలో ఆ సాక్షి నడిమార్గంలోనే బేసిగా ఎదురై వరుసకు కేంద్రమైతే, ఈ సంఖ్యలలో ఆ సాక్షి సమస్తమూ విడిచిన తరువాత ఒకటిగా మిగిలి దర్శనమిస్తాడు. 32 ని ఋణధనాల వరుసగా పేర్చినా, ముప్పై ఒకటి వరకు గల ఋణాలన్నీ అంతవరకు గల ధనాలతో పరిహారమై, తుదకు 32 ఒక్కటే నిలుస్తుంది. సర్వమూ తీరి తానొక్కటిగా ఉండటాన్నే శాస్త్రం కైవల్యమన్నది. ద్వంద్వాన్ని పట్టుకున్నవాని ఏకాకిత్వం దుఃఖం. ద్వంద్వాన్ని సగం సగంగా విడిచిన విరక్తుని ఏకాకిత్వం మోక్షం. పైకి రెండూ ఒకే సంఖ్యగా కనిపించడంలోనే మాయ ఉన్నది.

వేదాంతశాస్త్రం ఉపాసకునికి క్రమముక్తినీ, జ్ఞానికి సద్యోముక్తినీ నిర్దేశించిన మర్మం ఈ వరుసల వెలుగులో సుబోధమవుతుంది. మెట్టు వెంట మెట్టుగా, ఒక పదం మరొక పదాన్ని చేయి పట్టుకుని నడిపించగా, ఇరుపక్షాల వృద్ధిక్షయాలను మధ్యంలో సమర్పించి పూర్ణాన్ని పొందడం క్రమమార్గం. పూర్ణాన్ని కోరక ఉన్నదానిని సగం సగంగా విడిచి ఒకటిని చేరడం త్యాగమార్గం. మొదటిదానికి నిష్ఠ ప్రాణం, రెండవదానికి వైరాగ్యం ప్రాణం. క్రమమార్గంలో ఉన్నవాడు మెట్టు దాటవేయరాదు, త్యాగమార్గంలో ఉన్నవాడు విడిచినదానిని మరల తలచరాదు. అధికశాతం జీవులు గృహస్థులు గనుక, బంధుమిత్ర పరివారం మధ్య, నిత్యనైమిత్తికాల మధ్య, ఋణానుబంధాల మధ్య వరుసగా జీవించేవారు గనుక, వారికి విహితమైనది మొదటి మార్గమే. ఉదయసంధ్య, మాధ్యాహ్నిక క్రియ, సాయంసంధ్య. తిథి వెంట తిథి, మాసం వెంట మాసం. ఈ నిత్యక్రమంలో ఏ ఒక్కటీ స్వతంత్రంగా గొప్పది కాకపోయినా, అవి పేర్చబడిన తీరులో ఒక మధ్యధనం క్రమంగా స్ఫుటమవుతుంది. దినచర్యలో ఎన్ని జతలు వచ్చి పోయినా జోడు లేక శేషించే నామమేదో, ఎంత విభజించినా తనలో తరగని శ్రద్ధ యేదో, ప్రతివాడూ అంతర్ముఖుడై వెతుక్కోవలసి ఉన్నది. అది ఒకనికి ఇష్టమంత్రమై, మరొకనికి గురువాక్యమై, ఇంకొకనికి ఫలాపేక్ష లేని సేవయై ఉండవచ్చు. తనలోని ఆ బేసిని గుర్తించడమే వివేకం. దానిని నడుమ నిలిపి, మిగిలిన ఆయువును దాని చుట్టూ ఎడం లేకుండా వరుసగా పేర్చుకోవడమే సాధన.